చచ్చిన పిట్టకు చీటీ కట్టి వందేళ్లు ఎందుకు దాస్తారు? శేషాచలం చుట్టుపక్కల పక్షుల పాత రికార్డు

క్లుప్తంగా: మ్యూజియంలలో దాచిన పక్షుల్లో ఎక్కువ భాగం ప్రదర్శనకు పెట్టరు, సొరుగుల్లోనే ఉంటాయి. వాటి విలువంతా కాలికి కట్టిన చీటీలో ఉంటుంది. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో రాసి ఉన్న పిట్ట దశాబ్దాల తర్వాత కూడా కొత్త ప్రశ్నలకు సాక్ష్యం అవుతుంది. తిరుపతి, చిత్తూరు, కడప కొండల పక్షులకు సంబంధించిన ఇలాంటి పాత సాక్ష్యం చాలావరకు ముంబై, కోల్‌కతా, లండన్‌లకు చేరింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత దేశంలో సేకరణ బాగా తగ్గింది. ఆ ఖాళీని చంపకుండా పూడ్చే దారి ఉంది కానీ దానికి అనుమతి, ఫ్రీజరు, ఓపిక మూడూ కావాలి.

అనుమానం ఎక్కడ మొదలవుతుంది

ఘాట్ రోడ్డు పక్కన బండి తగిలి చచ్చిన గుడ్లగూబను ఎవరైనా ఇంటికి తీసుకెళ్తే కేసు అవుతుంది. అదే గుడ్లగూబ కాలేజీ జువాలజీ ల్యాబ్ బీరువాలో గాజు కళ్లతో నిలబడి ఉంటే ఎవరూ ఏమీ అనరు. ఇలాంటివి ముంబైలో వేలల్లో, లండన్‌లో లక్షల్లో ఉన్నాయని విన్నప్పుడు ఇంకో అనుమానం వస్తుంది. పిట్టల్ని కాపాడాలని చెప్పే శాస్త్రవేత్తలే ఇన్ని పిట్టల్ని చంపి దాచుకున్నారా? ఫోన్‌లోనే మంచి కెమెరా ఉన్న ఈ రోజుల్లో వాటితో పనేముంది?

రెండూ న్యాయమైన ప్రశ్నలే. జవాబు దొరకాలంటే ముందు ఆ సొరుగులో ఏముందో చూడాలి.

గాజు కళ్లున్నవి, దూది కళ్లున్నవి

జనం చూసేది ట్యాక్సిడెర్మీ బొమ్మలు. లోపల తీగ పెట్టి, కొమ్మ మీద నిలబెట్టి, బతికున్నట్టు కనిపించేలా చేస్తారు. పిల్లలకు చూపించడానికి ఇవి బాగుంటాయి. పరిశోధనకు మాత్రం పెద్దగా పనికిరావు. చోటు ఎక్కువ తింటాయి, వెలుతురుకు రంగు పోతాయి, భంగిమ ఒక్కోదానికి ఒక్కోలా ఉండడంతో కొలతలు కుదరవు. చాలా ల్యాబుల్లో బీరువా మీద పేరు తప్ప వాటికి ఊరూ తేదీ ఉండవు.

పరిశోధకులు దాచేది వేరే రకం. పొట్ట దగ్గర చిన్న గాటు పెట్టి, చొక్కా విప్పినట్టు చర్మాన్ని ఈకలతో సహా జాగ్రత్తగా ఒలుస్తారు. కండ, పేగులు తీసేస్తారు. పుర్రె, ముక్కు, రెక్కల ఎముకలు, కాళ్లు చర్మంతోనే ఉంటాయి. సన్నని పుల్లకు దూది చుట్టి లోపల పెట్టి కుట్టేస్తారు. కళ్ల గుంటల్లో కూడా తెల్లటి దూదే. రెక్కలు ఒంటికి ఆనించి, కాళ్లు ఒకదానిమీద ఒకటి వేసి దారంతో కడతారు. ఎండాక సొరుగులో వెల్లకిలా పడుకోబెడతారు. చూడ్డానికి ఇందులో అందమేమీ ఉండదు. కానీ అన్నిటినీ ఒకే తీరులో తయారు చేస్తారు కాబట్టి 1880 నాటి పిచ్చుకను, నిన్నటి పిచ్చుకను పక్కపక్కన పెట్టి రెక్క పొడవు, ముక్కు పొడవు, రొమ్ము రంగు పోల్చవచ్చు.

కాళ్లకు కట్టిన ఆ దారానికే చీటీ ఉంటుంది. దొరికిన ఊరు, తేదీ, పట్టినవారి పేరు, వాళ్ల వరుస నంబరు దాని మీద రాస్తారు. బరువు, ఆడా మగా రాస్తారు. చాలా జాతుల్లో ఆడా మగా ఒకేలా ఉంటాయి కాబట్టి ఒలిచేటప్పుడు లోపలి అవయవాలు చూసి ఖాయం చేసుకోవాలి. కనుపాప, ముక్కు, కాళ్ల రంగులు కూడా అప్పుడే రాసుకోవాలి. ఈక రంగు ఏళ్ల తరబడి నిలుస్తుంది, ఇవి నిలవవు.

చీటీ లేని చర్మం ఒట్టి చర్మమే. చీటీ అబద్ధమైతే అంతకంటే ప్రమాదం. మన దేశంలోనే దీనికి గట్టి ఉదాహరణ ఉంది.

అబద్ధపు చీటీ చేసిన నష్టం

మధ్య భారతంలోని అడవి పైడికంటె అనే చిన్న గుడ్లగూబను 1870లలో శాస్త్రం గుర్తించింది. ప్రపంచం మొత్తమ్మీద ఏడు నమూనాలే ఉండేవి. చివరిది 1914లో గుజరాత్‌లోని మాండ్వి దగ్గర దొరికిందని దాని చీటీ చెప్పేది. చీటీ రాసినవాడు రిచర్డ్ మైనర్ట్‌జాగన్, బ్రిటిష్ సైన్యంలో కల్నల్, పెద్ద పక్షి సేకర్తగా పేరున్న మనిషి. ఆ చీటీని నమ్మి వెతికినవాళ్లకు పిట్ట కనిపించలేదు.

1990లలో పమేలా రాస్‌ముసెన్ అనే పక్షి శాస్త్రవేత్త ఆ చర్మాన్ని ఎక్స్‌రే తీయించి, కుట్టు, దూది, కట్టిన తీరు పరిశీలించారు. అది 1880లలో జేమ్స్ డేవిడ్‌సన్ అనే అధికారి తయారు చేసినదని తేలింది. మైనర్ట్‌జాగన్ దాన్ని మ్యూజియం నుంచి దొంగిలించి, కొంత మార్చి, కొత్త చీటీ తగిలించాడు. ఆయన సేకరణలో ఇలాంటివి ఇంకా చాలా బయటపడ్డాయి. ఆ చీటీని పక్కన పెట్టి, డేవిడ్‌సన్ లాంటివాళ్ల నిజమైన చీటీలు చూపిన ప్రాంతాల్లో వెతికితే 1997 నవంబరులో మహారాష్ట్రలోని శహాదా దగ్గర పైడికంటె బతికే కనిపించింది. అంటే, 1884లో చివరి నిజమైన నమూనా దొరికిన 113 ఏళ్ల తర్వాత.

దొంగ చీటీని పట్టించింది కూడా చర్మమే అన్నది ఇక్కడ గమనించాలి. రాతను మార్చగలిగాడు గానీ కుట్టును మార్చలేకపోయాడు. వస్తువును దాచిపెడితే మోసాన్ని వందేళ్ల తర్వాతైనా విప్పవచ్చు. ఫొటో ఒక్కటే ఉండి ఉంటే ఈ పని జరిగేది కాదు.

కోలార్ గనుల దగ్గర దొరికిన గుడ్డు

ఇక మన దగ్గరి కథ. కలివికోడి పేరు కడప, తిరుపతి ప్రాంతంలో పక్షుల గురించి కాస్త తెలిసినవారందరికీ పరిచయమే. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన టి.సి. జెర్డాన్ దీన్ని సేకరించాడు. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసే ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. 1900లో చివరిసారి కనిపించిందని రాశారు. తర్వాత అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట ఒకదాన్ని పట్టుకున్నాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్ దాన్ని గుర్తించారు. ఆ పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు. దాని చర్మం ఆ సొసైటీ సేకరణలో చేరింది.

అంతటితో కథ ముగియలేదు. స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక గుడ్డు ఉంది. కోలార్ బంగారు గనుల్లో పశువుల డాక్టరుగా ఉన్న ఎర్నెస్ట్ మీటన్ 1917లో సేకరించినది. కలివికోడి గుడ్డును శాస్త్రవేత్తలెవరూ అప్పటిదాకా చూడలేదు కాబట్టి, అది దానిదే అని పోల్చి చెప్పేందుకు ఆధారం లేదు. చివరికి పెంకు లోపలి పొర నుంచి డీఎన్‌ఏ తీశారు. దాన్ని ఇంగ్లండ్‌లోని ట్రింగ్‌లో (లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం పక్షులను దాచే చోటు) ఉన్న పాత కలివికోడి చర్మాల కాలివేళ్ల అడుగుభాగం నుంచి తీసిన డీఎన్‌ఏతో పోల్చారు. రెండూ కలిశాయి. 2013లో ఈ ఫలితం బయటకు వచ్చింది.

దీనితో రెండు సంగతులు మారాయి. 1900 తర్వాత 1986 దాకా ఆచూకీ లేదనుకున్న పిట్ట 1917లో గుడ్డు పెట్టింది. పైగా కోలార్ గనులు కుప్పం సరిహద్దుకు దగ్గరే. అంటే ఒకప్పుడు ఈ పిట్ట తిరిగిన మేర కడప ముళ్లపొదల దగ్గరే ఆగలేదు, చిత్తూరు జిల్లా పడమటి అంచు దాటి మైసూరు పీఠభూమి దాకా ఉండేదన్నమాట. ఇప్పుడు దాన్ని ఎక్కడ వెతకాలన్న చర్చలో ఇది చిన్న విషయమేమీ కాదు. కడప జిల్లాలోని లంకమల చుట్టుపక్కలే వెతకడానికి, పలమనేరు, కుప్పం వైపు మిగిలిన ముళ్లపొదలను కూడా లెక్కలోకి తీసుకోవడానికి చాలా తేడా ఉంది.

ఆ గుడ్డును ఒక డాక్టరు సరదాకు ఏరుకున్నాడు. దాచినవాళ్లకు కూడా అది ఏమిటో పూర్తిగా తెలియదు. డీఎన్‌ఏ నిర్మాణం బయటపడిందే 1953లో. ఏ ప్రశ్న కోసం దాస్తున్నామో దాచేవాళ్లకు ముందే తెలియాల్సిన పని లేదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

మన కొండల పిట్టలు ఎటు వెళ్లాయి

తూర్పు కనుమల పక్షులపై మొదటి రాతలు జెర్డాన్ కాలానివి. నెల్లూరులో ఉన్నప్పుడు యానాదులను అడిగి చాలా విషయాలు తెలుసుకున్నాడు. పిట్టల జాడలు చెప్పిన ఆ యానాదుల పేర్లు మాత్రం ఏ చీటీ మీదా కనిపించవు. సేకరణల చరిత్రలో ఈ లోటు అన్ని చోట్లా ఉన్నదే. ఐతన్న పేరు నమోదు కావడం అందుకే అరుదైన విషయం. తిరుమల కొండల్లో, తలకోనలో, హార్స్‌లీ హిల్స్‌లో బండల మధ్య కనిపించే పసుపు గొంతు పికిలిపిట్టను 1845లో శాస్త్రానికి పరిచయం చేసిందీ జెర్డానే. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని పిట్ట అది.

తర్వాత పెద్ద ప్రయత్నం 1929లో మొదలైన వెర్నే సర్వే. ఆర్థర్ వెర్నే డబ్బు పెట్టాడు, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మనుషులు నల్లమల, పాలకొండలతో సహా తూర్పు కనుమల పొడవునా తిరిగి పక్షులను సేకరించారు. హ్యూ విస్లర్, నార్మన్ కినియర్ వాటిని చదివి, 1930లలో సొసైటీ పత్రికలో వరుసగా రాశారు. శేషాచలం చుట్టుపక్కల వందేళ్ల కిందట ఏ పిట్ట ఉండేదో చెప్పాలంటే ఇప్పటికీ ఆ రాతలూ, ఆ చర్మాలూ చూడాల్సిందే. అవి ముంబై, లండన్ మ్యూజియంలకు చేరాయి.

ముంబై సొసైటీలో దాదాపు 29 వేల పక్షి నమూనాలున్నాయి. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సేకరణ ఇండియన్ మ్యూజియం మీదుగా 1916లో ఏర్పడ్డ జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చేరింది. ట్రింగ్‌లోని బ్రిటిష్ సేకరణలో చర్మాలే దాదాపు ఏడు లక్షలు ఉన్నాయి. ప్రపంచ పక్షి జాతుల్లో 95 శాతం దాకా అక్కడ ఉన్నాయంటారు. అందులో ఒక పెద్ద వాటా ఎ.ఓ. హ్యూమ్‌ది, కాంగ్రెస్ స్థాపకుల్లో ఒకరిగా స్కూల్ పుస్తకంలో కనిపించే హ్యూమే. సిమ్లాలోని ఆయన ఇంట్లో ఏళ్ల తరబడి రాసిన పక్షుల రాతప్రతిని పనివాడు చిత్తు కాగితాల కింద బజారులో అమ్మేశాడు. మనసు విరిగిన హ్యూమ్ 82 వేల నమూనాలను 1885లో లండన్‌కు ఇచ్చేశాడు. దేవదారు చెక్కతో చేసిన 47 పెట్టెల్లో, ఒక్కోటీ అర టన్ను బరువుతో, అవి కొండ దిగాయి.

ఇవి తిరిగి రావాలన్న మాట అప్పుడప్పుడు వినిపిస్తుంది. భావన అర్థం చేసుకోదగ్గదే. అయితే ఇక్కడ వాటిని నిలబెట్టే ఏర్పాటు లేకుండా తెచ్చుకోవడం కంటే, ఫొటోలు, చీటీల వివరాలు ఆన్‌లైన్‌లో అందరికీ అందేలా అడగడం ఎక్కువ ఉపయోగం. ఆ పని ఇప్పటికే కొంత జరుగుతోంది.

పాత ఈక కొత్తగా ఏం చెబుతుంది

ఇంగ్లండ్‌లో భైరి డేగలు 1950లలో వేగంగా తగ్గిపోయాయి. గూళ్లలో గుడ్లు పగిలిపోతున్నాయి. కారణం తెలియలేదు. డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్త గుడ్ల సేకరణలన్నీ వెతికి పాత గుడ్ల పెంకు బరువును కొత్తవాటితో పోల్చాడు. 1947 ప్రాంతం నుంచి పెంకులు దాదాపు ఐదో వంతు పలచబడ్డాయని 1967లో చూపించాడు. డీడీటీ అనే పురుగుమందు పొలాల్లోకి వచ్చిన కాలం అదే. అది ఒంట్లో మారి ఏర్పడే రసాయనం పెంకుకు కాల్షియం సరిగా చేరనివ్వదు. గుడ్ల సేకరణ అప్పటికే అక్కడ నేరంగా, పిచ్చిగా పేరుపడింది. ఆ పిచ్చివాళ్ల పెట్టెలే డీడీటీపై నిషేధానికి బలమైన సాక్ష్యం అయ్యాయి. మన దేశంలో వ్యవసాయంలో డీడీటీ 1989లో ఆగింది.

ఈక పెరిగేటప్పుడు రక్తంలో ఉన్న పాదరసం అందులో చేరి అక్కడే ఉండిపోతుంది. స్వీడన్‌లో మ్యూజియం ఈకలను పరీక్షించి, విత్తనాలకు పాదరసం మందు పట్టించడం మొదలైన 1940లలోనే వేటపక్షుల్లో అది పెరిగిందని తేల్చారు. అమెరికాలో షేన్ డ్యూబే, కార్ల్ ఫుల్డ్‌నర్ ఇంకా తేలికైన పని చేశారు. 135 ఏళ్ల వ్యవధిలోని వెయ్యికి పైగా పక్షులకు ఒకే వెలుతురులో ఫొటోలు తీసి, పొట్ట ఈకల మీద మసి ఎంతుందో కొలిచారు. బొగ్గు ఎక్కువగా కాల్చిన రోజుల పిట్టలు నల్లగా, తర్వాతివి తెల్లగా ఉన్నాయి. గాలి కాలుష్యాన్ని కొలిచే యంత్రాలు లేని కాలం లెక్క 2017లో ఇలా దొరికింది.

చికాగోలో ఎత్తైన భవనాల అద్దాలకు కొట్టుకుని చచ్చిన పిట్టలను ఫీల్డ్ మ్యూజియం 1978 నుంచి ఏరుతోంది. 2016 వరకు పోగైన 70,716 పిట్టలను కొలిస్తే కాలి ఎముక 2.4 శాతం పొట్టిబడింది, రెక్క 1.3 శాతం పొడుగైంది. వేడి పెరగడంతో ఒళ్లు చిన్నదవుతోందని, అంత దూరం వలసపోవడానికి రెక్క సర్దుకుంటోందని పరిశోధకులు వివరిస్తున్నారు. ఈ లెక్కకు ఒక్క పిట్టనూ చంపలేదు. తిరుపతి లాంటి చోట్లకు పనికొచ్చే నమూనా ఇదే. దాని సంగతి కింద.

దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. నీలగిరుల్లో 19వ శతాబ్దం నుంచి సేకరించిన పక్షుల చీటీలను నేటి సర్వేలతో పోల్చిన పరిశోధనలో తిరుపతి ఐసర్ (కేంద్ర విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ) భాగం పంచుకుంది. గడ్డిమైదానాల పిట్టలు బాగా తగ్గాయని, అడవి పిట్టల్లో సగానికి పైగా నిలదొక్కుకున్నాయని తేలింది. పచ్చగా కనిపించే చెట్లు పెరగడం, గడ్డి పోవడం రెండూ ఒకేసారి జరిగాయి. పాత చీటీలు లేకపోతే మొత్తంగా అంతా బాగుందనే అనుకునేవారు.

చర్మానికి పరిమితులూ ఉన్నాయి. 1990లలో రాబందులు లక్షల్లో చచ్చిపోయినప్పుడు ఒట్టి చర్మాలు దాచి ఉంటే ఏమీ తెలిసేది కాదు. తాజాగా చచ్చినవాటి మూత్రపిండాలు పరీక్షించాకే పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కారణమని 2004లో బయటపడింది. 2006లో మన దేశం పశువైద్యంలో దాన్ని ఆపింది. అందుకే ఇప్పుడు మంచి సేకరణల్లో చర్మంతో పాటు కాలేయం, కండ ముక్కలను కూడా గడ్డకట్టించి దాస్తున్నారు.

చంపడం తప్పదా?

వాదన ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. 2015లో సోలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్‌లో మీసాల లకుముకి మగపిట్టను తొలిసారి ఫొటో తీశారు. తర్వాత దాన్ని చంపి నమూనాగా తీసుకున్నారు. ప్రపంచమంతా విమర్శలు వచ్చాయి. జనాభా తట్టుకోగలదని, ఒక్క నమూనా వల్ల వచ్చే సమాచారం పెద్దదని పరిశోధకులు సమాధానం ఇచ్చారు.

అరుణాచల్‌లో 2006లో రమణ ఆత్రేయ ఇంకో దారి చూపారు. బుగున్ లియోసిక్లా అనే కొత్త పిట్ట దొరికినప్పుడు కనిపించినవి చాలా కొద్ది. చంపితే జాతికే నష్టమని, వలలో పడినదాని ఈకలు కొన్ని, ఫొటోలు, కొలతలు తీసుకుని వదిలేశారు. ఆ ఆధారాలతోనే కొత్త జాతిగా ప్రకటించారు. శాస్త్రం ఒప్పుకుంది.

రెండిట్లో ఏది సరి అన్నది జాతిని బట్టి ఉంటుంది. ఊళ్లో వేలల్లో ఉన్న పిట్టకు, కొండ మీద పది జతలు మిగిలిన పిట్టకు ఒకే సూత్రం పెట్టలేం. కలివికోడి లాంటిదాన్ని ఇప్పుడు ఏ కారణంతో చంపినా సమర్థించడం అసాధ్యం. పాత సేకర్తల మీద ఇంకో ఆరోపణ, వాళ్లవల్లే జాతులు అంతరించాయన్నది, చాలావరకు నిలవదు. 1935లో బీహార్‌లోని దర్భంగా దగ్గర చివరిసారి దొరికిన గులాబీ తల బాతునూ, 1876 తర్వాత కనిపించని హిమాలయన్ కౌజునూ దెబ్బతీసింది ప్రధానంగా వేట, ఆవాసం పోవడం. వాటి రూపం ఇవాళ తెలుస్తున్నదే దాచిన చర్మాల వల్ల.

చట్టం ఏమంటుంది

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రక్షిత జంతువు చచ్చి దొరికినా ప్రభుత్వ ఆస్తే. చేతికి వస్తే 48 గంటల్లో దగ్గరి పోలీసు స్టేషన్‌కు గానీ అధీకృత అధికారికి గానీ చెప్పాలి. చర్మం ఒలిచి దాచడం వృత్తిగా చేయాలంటే లైసెన్సు ఉండాలి. విద్య, పరిశోధన, మ్యూజియం సేకరణలకు 12వ సెక్షన్ కింద అనుమతి దొరుకుతుంది. చట్టంలో గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్ జాతులైతే కేంద్రం ముందస్తు ఆమోదం కూడా కావాలి. ల్యాబ్ బీరువాలోని పాత గుడ్లగూబ సాధారణంగా చట్టానికి ముందుదో, అనుమతితో వచ్చిందో అయి ఉంటుంది. దారిలో దొరికినదాన్ని మంచి ఉద్దేశంతో ఇంటికి తెచ్చుకోవడానికి చట్టంలో చోటు లేదు.

ఈ కట్టుదిట్టం వల్ల వేట తగ్గిందనడంలో సందేహం లేదు. దాని నీడలోనే పరిశోధన సేకరణ కూడా సన్నబడింది. ఎన్నో చోట్ల 1970 తర్వాతి అర్ధశతాబ్దానికి పోల్చి చూసేందుకు చర్మాలే తక్కువ. పురుగుమందులు, ప్లాస్టిక్, ఎండల తీవ్రత పెరిగినదీ సరిగ్గా ఈ యాభై ఏళ్లలోనే.

పాషాణం, పురుగు, నిప్పు

దాచడం దానికదే పెద్ద పని. ఈకలను తినే చిన్న పెంకు పురుగు ఒక్క సొరుగులో దూరితే నెలల్లో పొడి చేస్తుంది. హ్యూమ్ సేకరణలో వేలాది చర్మాలు ఇలాగే పోయాయి. దానికి విరుగుడుగా 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన బెకూర్ పాషాణం (ఆర్సెనిక్) కలిపిన సబ్బు కనిపెట్టాడు. దాన్ని రెండు వందల ఏళ్లు వాడారు. అందుకే పాత చర్మాలను ఒట్టి చేతులతో ముట్టుకోకూడదు. కాలేజీ బీరువాల్లోని పాత బొమ్మలను పిల్లల చేతికి ఇచ్చే అలవాటు ఎక్కడైనా ఉంటే వెంటనే మానాలి. కలరా ఉండలు వేసి వదిలేయడం ఇంకా కొన్ని చోట్ల ఉంది. వాటి వాసన మనుషులకూ మంచిది కాదు. ఇప్పుడు కొత్తగా వచ్చిన ప్రతి వస్తువునూ సీల్ చేసి డీప్ ఫ్రీజర్‌లో కొన్ని రోజులు ఉంచి పురుగును చంపుతారు.

మనుషుల వల్ల కూడా ప్రమాదం ఉంది. 2009 జూన్‌లో ట్రింగ్ నుంచి 299 చర్మాలు దొంగతనానికి గురయ్యాయి. చేపల గాలాలకు అలంకారంగా కట్టే ఈకల కోసం. దొంగ దొరికాడు, చర్మాలు కూడా సగానికి పైగా దొరికాయి. అయితే చాలావాటికి చీటీలు తీసేసి ఉన్నాయి. 2016 ఏప్రిల్ 26న ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఏసీ, ఫైర్ అలారం, క్యూరేటర్ జీతం లాంటివి బడ్జెట్‌లో ఎప్పుడూ చివరి వరుసలో ఉండేవే. నష్టం మాత్రం తిరిగి కొనుక్కోలేనిది.

తిరుపతిలో ఏం చేయవచ్చు

ఈ ప్రాంతంలో పిట్టలు చావడానికి కొత్త కారణాలు తక్కువేమీ కాదు. తిరుమల ఘాట్ రోడ్లలో రాత్రిపూట వాహనాలు, సూళ్లూరుపేట వైపు పులికాట్, నేలపట్టు చుట్టూ పోయే కరెంటు తీగలు, చెరువుల పక్క పొలాల్లో కొట్టే మందులు. ఇలా చచ్చిన పక్షిని అటవీ సిబ్బంది నిబంధనల ప్రకారం పోస్టుమార్టం చేయించి కాల్చేయడమో పూడ్చేయడమో చేస్తారు. ఆ మేరకు పద్ధతి సరైనదే. కానీ ఏటా పులికాట్‌కు వచ్చే రాజహంసల్లో, నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతుల్లో ఏం మారుతోందో చెప్పగల పదార్థం అక్కడితో పోతుంది.

మార్చడానికి పెద్ద భవనం అక్కర్లేదు. తిరుపతిలో జంతుశాస్త్రం చెప్పే విశ్వవిద్యాలయం ఉంది, పక్షుల పరిణామంపై పనిచేసే ఐసర్ ఉంది, పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, జూ పార్కు ఉంది. అటవీ శాఖ 12వ సెక్షన్ కింద ఒక సంస్థకు స్థిరమైన అనుమతి ఇస్తే, రోడ్డు మీద, తీగల కింద దొరికిన పక్షులు ముందు ఫ్రీజరుకు, తర్వాత పశువైద్యుడి బల్ల మీదికి, ఆ తర్వాత సొరుగుకు చేరతాయి. ఇందులో చిక్కు సాంకేతికమైనది కాదు. ఏ శాఖ బాధ్యత, ఏ రిజిస్టరు, ప్రాజెక్టు ముగిశాక ఫ్రీజరు కరెంటు బిల్లు ఎవరు కడతారు అన్న దగ్గరే ఇలాంటివి ఆగిపోతుంటాయి. పక్షి జ్వరం (బర్డ్ ఫ్లూ) లాంటి జబ్బుల భయం కూడా ఉంది కాబట్టి, గుంపుగా చచ్చిన చోట సేకరణ కంటే పశుసంవర్ధక శాఖకు కబురు చెప్పడం ముందు జరగాలి.

ఇప్పటికే ఉన్న పాత బీరువాల దగ్గర ఖర్చు లేకుండా మొదలుపెట్టవచ్చు. ఏ బొమ్మ ఏ ఏడాది వచ్చింది, ఎవరు ఇచ్చారు, ఏ ఊరిది అన్నది రిటైరైన అధ్యాపకులకు, అటెండర్లకు గుర్తుండే అవకాశం ఉంది. వాళ్లను అడిగి రాసుకుంటే కొన్నిటికైనా చీటీ ఏర్పడుతుంది. అలా చెప్పింది విని రాసినదని ఆ చీటీ మీదే నమోదు చేయాలి. ఊహించి ఊరి పేరు వేయడం మాత్రం మైనర్ట్‌జాగన్ పనికి చిన్న రూపమే అవుతుంది.

మామూలు జనానికి చట్టం అనుమతించేది ఇంత. చచ్చిన పిట్టను ముట్టుకోకుండా పైనుంచి, పక్కనుంచి ఫొటోలు తీయాలి. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉండాలి. తేదీ, దగ్గరి మైలురాయి లేదా స్తంభం నంబరు, ఎలా చచ్చి ఉండవచ్చో రాసి అటవీ రేంజ్ ఆఫీసుకు పంపాలి. ఐనాచురలిస్ట్ లాంటి, ప్రకృతి పరిశీలనలు నమోదు చేసే వెబ్‌సైట్లలో ఎక్కిస్తే ఆ వివరం నిలిచి ఉంటుంది, పరిశోధకులు వెతుక్కోగలరు. బతికున్న పిట్టలకు ఈబర్డ్ ఉంది. చీటీ మీద ఉండాల్సిన వివరాల్లో సగానికి పైగా ఇందులోనే వచ్చేస్తాయి. మిగతావి, అంటే బరువు, ఆడా మగా, ఒంట్లో ఏముందన్నది, పిట్ట ఫ్రీజరుకు చేరితేనే తెలుస్తాయి.